వినిపించినా అర్థంకాని కబురు

2000 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి ఒక ఉత్తుత్తి కబురు వెళ్లింది. అందుకోవాల్సింది శనిగ్రహం దారి పట్టిన కసీని నౌక. శని ఉపగ్రహం టైటన్ మీద దిగేటప్పుడు, కసీని తనతో మోసుకెళ్తున్న హైగెన్స్ పరికరం ఎలా మాట్లాడుతుందో అచ్చం అలాగే కసీనికి వినిపించి చూడాలని ఐరోపా అంతరిక్ష సంస్థ ఇంజినీరు బోరిస్ స్మెడ్స్ పట్టుబట్టారు. రేడియో తరంగం చక్కగానే అందింది. అది మోసుకెళ్లిన సమాచారం మాత్రం చెల్లాచెదురైపోయింది.

దూసుకొచ్చే రైలు కూత హెచ్చు శ్రుతిలో వినిపించడం అందరికీ అనుభవమే. ఆ డాప్లర్ ప్రభావం రేడియోకూ ఉంది. తొలి పథకంలో కసీని సెకనుకు దాదాపు 5.5 కిలోమీటర్ల వేగంతో హైగెన్స్‌ను సమీపిస్తూ దాని మాటలు వినాలి. ఆ వేగానికి, రెండు గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగం సుమారు 38 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. జరిగిన తరంగాన్ని వెంబడించి పట్టుకునే ఏర్పాటు రిసీవర్లో ఉంది. మరిచింది, తరంగం మీద వచ్చే బిట్ల లయ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుందన్న సంగతి. సెకనుకు 8,192 బిట్లు రావలసిన చోట ఎక్కువగా వచ్చేది 0.15 బిట్టు. ఏడు సెకన్లకు ఒక్కటి! కోలాటంలో ఒకరి తాళం రవ్వంత ముందుకు జరిగితే చాలు, కాసేపటికి కర్ర గాలిలో పడుతుంది. ఇక్కడ జరిగిందదే.

తాళం సర్దుకోవడం రిసీవర్లకు కొత్త విద్యేమీ కాదు. రెండు గిగాహెర్ట్జ్ సిగ్నల్ మీద గంటకు వంద కిలోమీటర్లతో వెళ్లే కారులోని ఫోనుకు డాప్లర్ మార్పు 185 హెర్ట్జ్ మించదు. ఫోను లోపలి స్ఫటికం పది లక్షల్లో ఒక వంతు తప్పినా తేడా రెండు వేల హెర్ట్జ్! ఆ రెండింటినీ ఫోను టవరు సిగ్నల్ చూసి ఎప్పటికప్పుడు సరిచేసుకుంటుంది.

కసీనికి ఆ వీలు లేదు. బిట్ల లయను పట్టే హద్దు రిసీవర్ లోపలి స్థిర ప్రోగ్రాములో (ఫర్మ్‌వేర్‌లో) బిగిసిపోయింది. 1997 అక్టోబరు 15న నౌక నేల విడిచాక దాన్ని మార్చే దారి లేదు. ప్రయోగానికి ముందు పూర్తి పరీక్ష చేయాలంటే భాగాలు విప్పి మళ్లీ ధ్రువీకరించాలి, ఖర్చెక్కువని వదిలేశారు. నా దృష్టిలో అసలు తప్పు లెక్కలో దొర్లిన పొరపాటు కన్నా ఈ నిర్ణయమే. గోల్డ్‌స్టోన్‌లో కూడా మొదట అనుకున్నది తరంగాన్ని మాత్రమే పంపే తేలిక పరీక్ష. సమాచారం కూడా ఎక్కించి పంపాలని స్మెడ్స్ పంతం పట్టకపోతే, టైటన్ మీద దిగే రోజు దాకా ఈ లోపం ఎవరికీ తెలిసేది కాదు.

రిసీవర్ మారదు కాబట్టి దారి మార్చారు. టైటన్‌కు 1,200 కిలోమీటర్ల ఎత్తున సాగాల్సిన కసీనిని 60,000 కిలోమీటర్ల దూరం నుంచి పక్కగా పోనిచ్చారు. ఎదురెదురు వేగం తగ్గి, డాప్లర్ మార్పు హద్దులోకి వచ్చింది. 2005 జనవరి 14న హైగెన్స్ క్షేమంగా దిగింది.

హైగెన్స్ సమాచారం పంపిన రెండు చానెళ్లలో ఒకటి ఆ రోజూ పోయింది. కసీనిలోని దాని రిసీవర్‌ను ఆన్ చేసే ఆదేశం పంపడం మరిచారు. సగం ఫొటోలు, టైటన్ గాలి వేగం కొలిచే ప్రయోగం దానితో పోయాయి. గాలి లెక్కను మాత్రం భూమి మీది గ్రీన్ బ్యాంక్, పార్క్స్ రేడియో టెలిస్కోపులు కాపాడాయి. హైగెన్స్ నుంచి నేరుగా వచ్చిన బలహీనమైన తరంగాన్ని పట్టి, అందులోని డాప్లర్ మార్పు నుంచే ఆ వేగాన్ని రాబట్టారు.