జట్టు కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఖర్చు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో దిగినవాళ్లకే తెలుస్తుంది మరి. 'మాడెన్ ఎన్ఎఫ్ఎల్' వీడియోగేమ్ ఆడేవాళ్లు ఆ జాబితాలో మూడోదాన్నీ చేరుస్తారు... జట్టు కట్టి చూడు అని!

వీడియోగేమ్ అంటే చేతిలో కంట్రోలర్, తెరమీద పరుగులు, ఇల్లు ఎగిరిపోయేలా అరుపులు... ఇంతేగా అనుకుంటాం. కానీ అమెరికాలో కూతురింటికో కొడుకింటికో వెళ్లిన తాతయ్యకు ఓ చిత్రం కనిపించవచ్చు. మనవడు బంతిని పక్కనపెట్టి గంటలకొద్దీ జీతాల పట్టిక ముందు కూర్చుంటాడు. ఎవరికెంత ఇవ్వాలి, ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి... అంటూ ఒకటే లెక్కలు. ఆటలో అసలు మజా ఆ పట్టికలోనే ఉంది. దాని పేరు ఫ్రాంచైజ్ మోడ్.

మాడెన్ పట్టుదల

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో విసురుతూ, చంకలో ఇరికించుకుని పరుగెడుతూ అవతలి గీత దాటించాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. లేదంటే బంతి ఎదుటివాళ్లది. మైదానంలో ఒక్కో పక్క 11 మంది. దాడికో బృందం, రక్షణకో బృందం, బంతిని తన్నే సందర్భాలకు ఇంకోటి. అందుకే ఒక్కో జట్టులో ఏకంగా 53 మంది. అలాంటి 32 జట్ల పోటీయే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్... పొట్టిగా ఎన్ఎఫ్ఎల్. అందులో ఆఖరి పోరు సూపర్ బౌల్.

ఓక్లండ్ రైడర్స్ కోచ్‌గా 1977 జనవరిలో సూపర్ బౌల్ గెలిచిన జాన్ మాడెన్, ఆ తర్వాత టీవీ వ్యాఖ్యాతగా అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మనిషయ్యారు. ఆయన పేరుతో గేమ్ చేస్తామని 1980ల్లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ వెళ్లింది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉన్న సంస్థే అది. అప్పటి కంప్యూటర్లు 22 మందిని తెరమీద పరుగెత్తించలేవు కాబట్టి పక్కకు ఆరేడుగురితో సరిపెట్టాలనుకున్నారు. మాడెన్ ససేమిరా అన్నారు. 11 మంది లేకపోతే అది ఫుట్‌బాలే కాదన్నది ఆయన వాదన. ఆ పట్టుదలవల్ల ఏళ్ల తరబడి ఆలస్యమై చివరికి 1988లో గేమ్ విడుదలైంది. 2021లో ఆయన కన్నుమూసినా ఇప్పటికీ ఏటా ఆ పేరుతోనే వస్తోంది.

1998లో వచ్చిన 'మాడెన్ ఎన్ఎఫ్ఎల్ 99'తో ఫ్రాంచైజ్ మోడ్ మొదలైంది. ఒక్క మ్యాచ్‌తోనో ఒక్క సీజన్‌తోనో అయిపోదు. ఏళ్ల తరబడి జట్టు పగ్గాలు మీ చేతిలోనే. గెలిస్తే మీ గొప్ప, ఓడితే మీ తప్పు!

ఏ జట్టు మంచిది?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చటుక్కున ఛాంపియన్ జట్టునే పట్టుకుంటారు. మొదటి ఏడాది హాయిగానే ఉంటుంది. రెండో ఏడాది నుంచే చిక్కు. పెద్ద ఆటగాళ్లందరి ఒప్పందాలూ ఒకేసారి ముగింపుకొస్తాయి. వయసు మీదపడుతుంది. ఖజానాలో చిల్లర మిగలదు.

అలాగని అట్టడుగు జట్టు తీసుకున్నా ఓటములతో విసుగొస్తుంది. మధ్యరకం జట్టు మేలు. అందులోనూ తక్కువ జీతానికి ఆడుతున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉంటే మరీ మంచిది. బంతిని అందుకుని ఎవరికి విసరాలో నిర్ణయించేది ఆ క్వార్టర్‌బ్యాకే. జట్టులో అందరికన్నా ఎక్కువ డబ్బు అడిగేదీ సాధారణంగా అతనే.

కోచ్‌గా ఉంటారా, యజమానిగా ఉంటారా అని కూడా గేమ్ అడుగుతుంది. కోచ్ హోదాలో ఆటగాళ్లూ ఆటా చూసుకుంటే చాలు. యజమాని అయితే టికెట్ల ధర, స్టేడియం మరమ్మతులు లాంటి తలనొప్పులు కూడా నెత్తిన పడతాయి. మొదటిసారికి కోచ్ చాలు.

మంచం ఉన్నంతవరకే...

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకు పర్సు సంగతి కొత్తేం కాదు. ఎన్ఎఫ్ఎల్‌లోనూ జట్టు జీతాలకు గరిష్ఠ పరిమితి ఉంది. 1994లో దాన్ని పెట్టినప్పుడు 3.46 కోట్ల డాలర్లు. 2025 సీజన్‌కు 27.92 కోట్ల డాలర్లు. యజమాని కుబేరుడైనా సరే, దానికి లోబడే జట్టు నడపాలి. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలన్నమాట!

గేమ్‌లోనూ ఇదే లెక్క. కావాలంటే సెట్టింగుల్లో పరిమితిని తీసేయొచ్చు. కానీ తీసేస్తే పప్పులో ఉప్పు తీసేసినట్టే. డబ్బు అడ్డులేకపోతే ఎవరైనా కడతారు జట్టు!

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తాపడే మరో సంగతి ఉంది... సంతకం బోనస్. నాలుగేళ్ల ఒప్పందంలో ఓ ఆటగాడికి రెండు కోట్ల డాలర్ల బోనస్ ఇచ్చారనుకోండి. లెక్కలో అది ఏడాదికి అరకోటి చొప్పున పడుతుంది. అబ్బ, ఎంత తేలికో అనిపిస్తుంది. ఏడాదికే అతడు నచ్చక పంపేస్తే? మిగిలిన కోటిన్నర మీ ఖాతాలోనే ఉంటుంది. ఆటగాడు ఉండడు, అతని భారం మాత్రం పోదు. అప్పు చేసి పప్పుకూడు తిన్న ఫలితం!

నిజం జట్లకూ ఈ దెబ్బ తగిలింది. 2022లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు రసెల్ విల్సన్ అనే పేరున్న క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుని భారీ ఒప్పందం చేసుకుంది. రెండు సీజన్లు తిరిగేసరికి, 2024 మార్చిలో వదిలేసింది. అయినా అతని పేరుమీద 8.5 కోట్ల డాలర్లను 2024, 2025 లెక్కల్లో మోయాల్సి వచ్చింది. అందుకే ఎవరితోనైనా ఒప్పందం చేసుకునేముందు 'ఎంత ఇవ్వాలి' అన్నది ఒక్కటే చూసుకుంటే చాలదు. 'రెండేళ్లకు పంపాలనుకుంటే ఎంత పోతుంది' అన్నదీ చూసుకోవాలి.

ఓడినవాడికే తొలి అవకాశం

కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. ఇందులో వేలంపాట ఉండదు. కాలేజీ జట్ల నుంచి వచ్చే ఆటగాళ్లను 32 జట్లూ వరసగా ఎంచుకుంటాయి. మొత్తం ఏడు రౌండ్లు. గతేడాది అందరికన్నా అడుగున ఉన్న జట్టుది తొలి అవకాశం, సూపర్ బౌల్ గెలిచిన జట్టుది ఆఖరిది. ఓడినవాడు లేచి నిలబడాలన్నది దాని ఉద్దేశం.

2011 నుంచి కొత్తవాళ్ల జీతాలకూ కట్టడి ఉంది. డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లకు నాలుగేళ్ల ఒప్పందం. కాబట్టి సరైన కుర్రాడు దొరికితే ఆ నాలుగేళ్లూ జట్టుకు పండగే. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 2022లో బ్రాక్ పర్డీ అనే క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకుంది. 262 మందిలో అతను చిట్టచివరివాడు! 2023లో అతని ప్రాథమిక జీతం 8.7 లక్షల డాలర్లే. ఆ సీజన్లోనే జట్టును సూపర్ బౌల్ దాకా నడిపించాడు. అక్కడ ఓడినా అతని విలువ లోకానికి తెలిసింది. 2025లో అయిదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అంటే సగటున ఏడాదికి 5.3 కోట్లు. సుమారు అరవై రెట్లు! నిన్నటిదాకా అతనివల్ల మిగిలిన డబ్బుతో మరికొందరిని పోషించిన జట్టు ఇక ఆ సౌకర్యాన్ని మరచిపోవాలి.

సూపర్ బౌల్‌ను ఏడుసార్లు గెలిచిన టామ్ బ్రేడీ కూడా 2000లో 199వ ఎంపిక. గేమ్‌లో ఇలాంటివాళ్లను పట్టాలంటే ఓపిక కావాలి. కొత్త కుర్రాడి పక్కన కనిపించే అంకె అతని నేటి సత్తా. గరిష్ఠం 99. దానికన్నా ముఖ్యమైంది ఎదిగే గుణం. నార్మల్, స్టార్, సూపర్‌స్టార్, ఎక్స్‌ఫ్యాక్టర్... ఇలా నాలుగు మెట్లు. కొత్తవాళ్లలో అదేమిటన్నది మొదట్లో తెలీదు. మైదానంలోకి పంపి ఆడిస్తేనే బయటపడుతుంది. బెంచీమీద కూర్చోబెడితే ముత్యమో గులకరాయో తెలిసేదెట్లా?

ముప్ఫై దాటితే...

పరుగెత్తడమే పనిగా ఉండే రన్నింగ్ బ్యాక్‌లకు వయసు త్వరగా మీదపడుతుంది. క్వార్టర్‌బ్యాక్‌లు, బంతిని తన్నే కిక్కర్లు ఎక్కువ కాలం నిలుస్తారు. గేమ్ ఈ తేడాను గట్టిగానే పాటిస్తుంది. ముప్ఫై ఏళ్ల రన్నింగ్ బ్యాక్ పక్కన 84, ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడి పక్కన 72 కనిపిస్తే కొత్తవాళ్లు 84నే పట్టుకుంటారు. రెండేళ్లు పోయాక ఆ అంకెలు తారుమారు కావచ్చు!

కాబట్టి అభిమాన ఆటగాణ్ని అతనికి ఇంకా గిరాకీ ఉండగానే మరో జట్టుకిచ్చి బదులు తీసుకోవాలి. చెప్పినంత తేలిక కాదిది. 1989లో డల్లాస్ కౌబాయ్స్ జట్టు తన ఏకైక పెద్ద తార హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటాకు ఇచ్చేసింది. బదులుగా అయిదుగురు ఆటగాళ్లు, కొన్నేళ్ల డ్రాఫ్ట్ అవకాశాలు వచ్చాయి. ఆ సీజన్లో డల్లాస్ 16 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. అప్పుడు చూసినవాళ్లకు అది పిచ్చిపనే. కానీ 1992, 1993, 1995 సీజన్ల సూపర్ బౌల్‌లు మూడూ ఆ జట్టువే.

అదే డల్లాస్ బృందం డ్రాఫ్ట్ అవకాశాల విలువకు ఓ పాయింట్ల పట్టిక తయారుచేసుకుంది. తొలి ఎంపికకు 3000, ముప్ఫైరెండోదానికి 590. బేరమాడేటప్పుడు ఆ తేడా గుర్తుంటే గేమ్‌లోనూ మోసపోరు.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు

సీజన్ అంటే 17 మ్యాచ్‌లు. అన్నీ ఆడి తీరాలని లేదు. కొన్నింటిని కంప్యూటర్‌కే వదిలేసి ఫలితం చూసుకోవచ్చు. వారానికొక మ్యాచ్ స్వయంగా ఆడి, మిగతా సమయం జట్టు పనికి పెట్టుకుంటే చదువుకు ఇబ్బందేం లేదు.

ఇంకో సంగతి. ఇదే గేమ్‌లో అల్టిమేట్ టీమ్ అని మరో విభాగముంది. అక్కడ ఆటగాళ్ల కార్డుల ప్యాకెట్లను అసలు డబ్బుతో కొనేందుకు ఊరిస్తుంటారు. ఫ్రాంచైజ్ మోడ్‌లో ఖర్చయ్యే కోట్లన్నీ ఉత్తుత్తివే. పిల్లవాడు ఏ విభాగంలో ఉన్నాడో కన్నవాళ్లు ఓసారి తొంగిచూస్తే పర్సుకు మంచిది.

మీట నొక్కేముందు

సీజన్ మొదలయ్యేముందు జట్టును 53 మందికి కుదించాలి. పేరుమీదికెళ్లి 'రిలీజ్' నొక్కితే ఒకరు తగ్గుతారు. క్షణంలో పని.

నిజం ఎన్ఎఫ్ఎల్‌లో ఆగస్టు చివర ఇదే జరుగుతుంది. శిక్షణ శిబిరంలో ఒక్కో జట్టుకు 90 మంది దాకా ఉండొచ్చు. అంటే 32 జట్లలో కలిపి వెయ్యిమందికి పైగా కుర్రాళ్లు కొద్దిరోజుల్లో సామాను సర్దుకోవాలి. కొందరికి సాధన బృందాల్లో చోటు దొరుకుతుంది. మిగతావాళ్లు ఫోన్ పట్టుకుని మరో జట్టు పిలుపుకోసం చూస్తారు. చిన్నప్పటి నుంచీ ఆడిన ఆట అక్కడితో ఆగిపోయేవాళ్లూ ఉంటారు. 262వ వాడిగా వచ్చిన పర్డీ కూడా ఓ ఆగస్టులో ఈ గండం దాటినవాడే.

అందుకే 53వ పేరు దగ్గర కాసేపు ఆగండి. వయసు చూడండి, జీతం చూడండి, ఎదిగే గుణం తెలిసేలా అతన్ని ఒక్క మ్యాచ్‌లోనైనా ఆడించారో లేదో చూసుకోండి. ఆ తర్వాతే మీట!