సెంటుంపావు జాగాలో ఎనిమిది దిక్కులు

ఎమ్మిగనూరులో మా దగ్గరి చుట్టాలు, నేతపని వాళ్ళు, పోయిన వేసవిలో ఇల్లు బాగుచేయించుకున్నారు. ముందూ వెనకా సరిచేయిస్తున్నామని ఫోన్లో చెబితే వాకిట్లో నాపరాళ్ళు పరిచి, పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకుంటున్నారని సంతోషించాను. వెళ్ళి చూస్తే వాకిట్లో వేపచెట్టు లేదు, మోకాలెత్తు మొద్దు ఉంది. పెరట్లో లెట్రిన్ లేదు, పగిలిన తెల్ల బేసిన్ గోడకు ఆనించి ఉంది. లెట్రిన్ గుంట ఉన్న మూలనే బోరు వేయించారు. నాలుగు వందల అడుగులు దిగినా బూడిదరంగు రాతిపొడి తప్ప తడి తగల్లేదు. ఆ కుప్ప ఎత్తించడానికి డబ్బు మిగల్లేదు. గాలి వీచినప్పుడల్లా ఆ పొడి మగ్గం మీదికి వస్తోంది.

వాస్తు చూసే ఒకాయన చెప్పినాడంట. సెంటుంపావు జాగాలో పడమటి వాకిలి ఇల్లు. తలుపుకు ఎదురుగా చెట్టుంటే ద్వారవేధ అనే దోషం. ఈశాన్యంలో లెట్రిన్ ఉంటే మగసంతానం నిలవదు. అదే మూలన నీళ్ళుంటే సంపద. "ఇద్దరూ ఆడపిల్లలే కదన్నా, అందుకే మామ సరేనన్నాడు" అంది ఆ ఇంటి కోడలు.

బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము. ఇది పదో తరగతి పిల్లలు చదివే పాఠం. ఆ పాఠం చదివి పాసైన మనుషులే ఆ ఇంట్లో ఉన్నారు. అయినా ఇద్దరు ఆడపిల్లలు పుట్టినందుకు శిక్ష కోడలికి, ఆ ఆడపిల్లలకు పడింది. చీకటి పడేదాకా ఆగి ఊరి చివర సర్కారు తుమ్మ చాటుకు పోతున్నారు. పగలు పోవాల్సి వస్తుందని ఆ పిల్లల తల్లి మంచినీళ్ళు తాగడం తగ్గించింది. ఎమ్మిగనూరు ఎండలో, మేలో, దాహం చంపుకుంటోంది. మూత్రంలో మంటతో ఆసుపత్రికి పోయొచ్చింది. పెద్దపిల్ల నెలసరి రోజుల్లో ఎవరింటికి పోయి అడగాలో తెలియక ఏడుస్తుందట. ఇంట్లో మగవాళ్ళు ఏ వేళకైనా బయటికి పోయి రాగలరు. వాళ్ళకు ఈశాన్యం శుభ్రపడింది.

లెట్రిన్ మరోచోట కట్టుకోవచ్చు కదా అని అడిగాను. వాయవ్యంలో కట్టుకోమన్నాడట ఆ వాస్తు ఆయన. పడమటి వాకిలి ఇంటికి వాయవ్యమంటే వీధి పక్క మూల, జనం నడిచే దారి మీద. అందుకని కట్టలేదు.

ఇంకొక సంగతి తెలిసినప్పుడు నాకు కోపం ఆగలేదు. నైరుతిలో గుంట ఉండకూడదని, ఆ మూలనున్న గుంటమగ్గం పూడ్చేయమని కూడా ఆయన చెప్పాడు. దానికి మామ ఒప్పుకోలేదు. కూడు పోతుందన్నాడు. సరిగ్గా ఆలోచించాడు. తన జీవనాధారం దగ్గరికి వచ్చేసరికి శాస్త్రం పక్కకు జరిగింది, కోడలి అవసరం దగ్గర మాత్రం కదలకుండా నిలబడింది. మన ఇళ్ళలో ఆచారం ఎప్పుడూ ఇట్లాగే నడుస్తుంది. ఎదురు చెప్పలేని మనిషి మీదే అది పూర్తిగా అమలవుతుంది.

నమ్మేవాళ్ళ వాదన కూడా చెప్పాలి. దిక్కులకు శక్తులున్నాయి, ఒక్కో మూలకు ఒక్కో దేవత ఉంది, వాటికి అడ్డం రాకుండా ఇల్లూ వాకిలీ పెట్టుకుంటే మేలు అంటారు. గాలీ వెలుతురూ చూసి పెద్దలు రాసిన లెక్క అని చదువుకున్నవాళ్ళు కలుపుతారు. సరే, ఆ పెద్దల మాటే చూద్దాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తు మీద పెద్ద అధ్యాయం ఉంది. ఇంటి దగ్గర ముళ్ళచెట్టు ఉంటే శత్రుభయం, పాలుకారే చెట్టు ఉంటే ధననాశం, పండ్లచెట్టు ఉంటే సంతాననాశం అంటాడు. కొట్టెయ్యడం ఇష్టం లేకపోతే మధ్యలో మంచి చెట్లు నాటమని ఆ వెంటనే చెబుతాడు. ఆ మంచి చెట్ల జాబితాలో పనస ఉంది, జమ్మి ఉంది. పనస కాయ కాస్తుంది, పాలు కారుతుంది. జమ్మికి ముళ్ళుంటాయి. దోషానికీ విరుగుడుకీ ఒకే చెట్టు పనికొస్తే ఆ లెక్కలో లెక్క ఏముంది?

అదే అధ్యాయంలో బ్రాహ్మణులకు తెల్లనేల, క్షత్రియులకు ఎర్రనేల, వైశ్యులకు పసుపునేల, శూద్రులకు నల్లనేల అని కూడా ఉంది. మా వైపు ఆదోని చుట్టూ నల్లరేగడి. ఆ నేల పత్తితోనే ఆదోని మార్కెట్ దేశమంతా పేరు తెచ్చుకుంది. మట్టికి కులం కట్టిన పుస్తకం నుంచి వచ్చిన విద్యను, 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టి నేతవాళ్ళను నిలబెట్టిన ఊళ్ళో, నేతవాళ్ళే ఫీజిచ్చి ఇంటికి పిలుస్తున్నారు. ఈ బాధ నాకు తీరదు.

చెట్టును తప్పుపట్టడం మా ఇంట్లోనూ జరిగింది. ఆదోనిలో మా అవ్వ వాళ్ళ పెరట్లో మునగచెట్టు ఉండేది. మా చిన్నమ్మకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. కాన్పు చేసింది మంత్రసాని, బొడ్డు కోసింది ఏ బ్లేడుతోనో ఎవరూ అడగలేదు. మునగచెట్టు ఇంట్లో ఉండబట్టే అన్నారు. చెట్టు నాటింది చిన్నమ్మే కాబట్టి తప్పు కూడా ఆమెదే అయింది. కొట్టేసిన రోజు మొద్దు నుంచి జిగురు కారుతుంటే చీమలు పట్టాయి. నెల తిరక్కుండా అదే మొద్దు చిగురేసింది. ఆ చిగుళ్ళను రోజూ గిల్లెయ్యమని చిన్నమ్మకే చెప్పారు. బిడ్డ పోయిన పచ్చి బాలింత చేత ఆ పని చేయించారు. ఐరనూ, కాల్షియమూ ఉండే ఆ ఆకు ఆ సమయంలో ఆమె తినాల్సిన ఆకు.

పెద్దవాళ్ళే నమ్ముతుంటే మేమెంత అని ఎమ్మిగనూరు మామ అన్నాడు. హైదరాబాదు సచివాలయానికి వాస్తు బాగాలేదని 2015లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ అన్నారు. 2020లో పాత భవనాలు కూల్చారు. ప్రభుత్వం చెప్పిన కారణాలు వేరే ఉన్నా, వాస్తు మాట ఎవరూ మరిచిపోలేదు. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. అదే ఏడాది డిసెంబరులో ఆయన పార్టీ ఓడింది. ఓట్లు ఎక్కడ పోయాయో ఆ పార్టీవాళ్ళు లెక్కేసుకున్నారు. నేతవాడికి బతుకు ఎక్కడ జారిందో అట్లాగే లెక్కేయాలి. పవర్లూమ్ గుడ్డ, నూలు ధర, అప్పు వడ్డీ: ఇవన్నీ కళ్ళెదుట ఉండగా వేపచెట్టును నరికారు.

ఆ వేప చేసిన పని చూడండి. పడమటి వాకిలికి మధ్యాహ్నం మూడింటి ఎండ తగలకుండా ఆపేది అదే. దాని నీడలోనే పొద్దున పడుగు చాచి గంజి పెట్టేవాళ్ళు. ఇప్పుడు రేకు పందిరి వేశారు, దాని కింద నిలబడలేం. నల్లరేగడిలో గోడకు ఆనించి పెద్దచెట్టు పెడితే వేర్లు తడి లాగేసి, నేల కుంగి గోడ బీటలిస్తుంది. ఆ జాగ్రత్త నిజమైనదే, దానికి కొలత దూరం. ఏ దిక్కున ఉన్నా అంతే. బోరుకూ లెట్రిన్ గుంటకూ కూడా దూరమే ముఖ్యం. పాత గుంట మూలన వేసిన ఆ బోరులో నీళ్ళు పడి ఉంటే పిల్లలు తాగేవాళ్ళు. ఆ మాట తలుచుకుంటే భయమేస్తుంది. మా వైపు అడుగున ఉన్నది గట్టి రాయి. నీళ్ళు దొరికితే పగుళ్ళలో దొరుకుతాయి, ఆ పగుళ్ళు మన ఈశాన్యాన్ని చూసి పోవు.

బోరుకు పోసిన డబ్బుతో మిద్దె నీళ్ళు పట్టే తొట్టి కట్టుకోవచ్చు. సెంటు కప్పు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడితే 24,000 లీటర్లు. సగం పట్టినా నాలుగు నెలలు గిన్నెలకూ గుడ్డలకూ సాగుతుంది. తోమిన నీళ్ళు కరివేపాకుకూ, బొప్పాయికీ, మునగకూ పోతాయి. వాకిట్లో మళ్ళీ వేపమొక్క, గోడకు దూరంగా. సెంటుంపావులో ఇంతకు మించిన ప్లాను అక్కర్లేదు.

లెట్రిన్ పాత పునాది గట్టిగానే ఉంది, చూసి వచ్చాను. మేస్త్రీకి రెండు మూడు రోజుల పని. గుంట మాత్రం ఆ బోరుకు దూరంగా ఇటుకలతో కొత్తగా కట్టాలి. ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. కోడలు సరేనంది, పిల్లలు సరేనన్నారు. మామ ఆలోచించి చెబుతానన్నాడు. ఆ పగిలిన బేసిన్ పారేయమని, కొత్తది నేనే తెస్తానని, ఆయన ముందే ఆ పిల్లలకు చెప్పి వచ్చాను.