గొయ్యి తవ్వినవాడి బాకీ

మందిరం ముందు రోడ్డు తవ్వకం మొదలైతే ఆ సంగతి ఆదివారం ఆరాధనలోనే తెలిసిపోతుంది. పాటలు మొదలయ్యే వేళకు సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. బస్సు రెండు వీధుల అవతలే ఆపేశారని కొందరు, ఆటో అతను ఇటు రానన్నాడని కొందరు, కారు పెట్టుకునే చోటు దొరక్క వెనక్కి వెళ్లిపోయామని ఇంకొందరు చెబుతారు. తెల్లచీర అంచులకు మట్టి అంటించుకుని, కర్ర ఊతంతో కంకర కుప్పలు దాటుకుని వచ్చిన పెద్దావిడ మాత్రం ఏమీ చెప్పదు. ప్రార్థన విన్నపాల్లో ఆ వారం కొత్తగా ఒకటి చేరుతుంది, రోడ్డు పని త్వరగా అయిపోవాలని.

ఆ విన్నపంలో తప్పేమీ లేదు. అయితే ఆ రోడ్డు ఎందుకు తవ్వుతున్నారో, ఎవరికోసం తవ్వుతున్నారో తెలుసుకుని ప్రార్థించడం మేలు. మురుగు పైపుల కోసమో, కేబుళ్ల కోసమో తవ్వడం మనకు అలవాటే. బస్సులకు ప్రత్యేక వరుస, సైకిలుకు ఓ పక్క దారి, నడిచేవారికి కాలిబాట వేయడానికి తవ్వితే మాత్రం గొడవ ఎక్కువవుతుంది. ఎందుకంటే అక్కడ రోడ్డు బాగుపడటమే కాదు, రోడ్డులో ఎవరి వాటా ఎంత అన్నది మారుతుంది. అప్పటిదాకా నాలుగు వరుసలూ తనవే అనుకున్నవాడికి రెండే మిగులుతాయి.

2005 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో పట్టణ పునరుద్ధరణ పథకం తెచ్చింది. మరుసటి ఏడు, 2006లో, జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. రోడ్డుమీద లెక్కపెట్టవలసింది బండ్లను కాదు, మనుషులను అన్నదే ఆ విధానంలో ప్రధానమైన మాట. లెక్క చిన్నదే. ఒక బస్సులో యాభై మంది కూర్చుంటారు, మన ఊళ్లలోనైతే అంతకు మించి నిలబడతారు. ఆ బస్సు పట్టే జాగాలో రెండు మూడు కార్లు నిలిస్తే వాటిలో ఉండేది నలుగురైదుగురు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో కాలు పెట్టే సందు లేదన్న మాట తరచూ వింటున్నాం. ఆ కిక్కిరిసిన బస్సు, ఒక్కడే కూర్చున్న కారు వెనక నలభై నిమిషాలు ఆగవలసి రావడం న్యాయమేనా అన్నది అసలు ప్రశ్న. ఇక సైకిలు ఎవరు తొక్కుతారు? రాత్రి కాపలా దిగి ఇంటికి వెళ్లే వాచ్‌మన్, తాపీమేస్త్రి దగ్గరికి పనికి వెళ్లే కుర్రవాడు, బడికి వెళ్లే పిల్లలు. మన సంఘాల్లో వీరంతా ఉన్నారు, వెనక వరుసల్లో.

ఈ విషయంలో ఢిల్లీలో జరిగింది గుర్తు చేసుకోవాలి. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల దారిలో మధ్యలో బస్సులకు, అంచున సైకిళ్లకు, ఆ పక్క నడకకు వేర్వేరు వరుసలు వేసి 2008లో తెరిచారు. తెరిచిన రోజు నుంచే గగ్గోలు. కూడళ్ల దగ్గర సిగ్నళ్లు సరిగా కుదరలేదు, కార్లు బారులు తీరాయి. పత్రికల్లో, టీవీల్లో ఆ బారులే కనిపించాయి. ఇందులో కొంత నిజమైన లోపమే, దాన్ని కాదనవలసిన పని లేదు. కానీ అదే దారిలో బస్సెక్కి ముందుకంటే త్వరగా ఇల్లు చేరినవారి మాట ఎక్కడా గట్టిగా వినిపించలేదు. ఆ పద్ధతిని ఎత్తివేయాలని వేసిన వ్యాజ్యాన్ని 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అయినా మూడేళ్లకు, 2015లో, ప్రభుత్వమే దాన్ని తొలగించాలని నిర్ణయించింది. 2016 జనవరిలో కూల్చడం మొదలైంది. కట్టడానికి ఒకసారి, కూల్చడానికి ఒకసారి, ఆ వీధి దుకాణాల వారు దుమ్ము రెండుసార్లు మింగారు.

అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన ఇలాంటి దారి నిలబడింది. మన దగ్గర పైన చెప్పిన పథకం కిందే విశాఖపట్నంలో, విజయవాడలో పనులు చేపట్టారు. విశాఖలో పెందుర్తి వైపు ఒకటి, సింహాచలం వైపు ఒకటి అనుకున్నారు. సింహాచలం దారిలో అడవివరం దగ్గర కొద్ది ముక్క దేవస్థానం భూముల వివాదంతో ఏళ్ల తరబడి ఆగిపోయింది. విజయవాడ సత్యనారాయణపురంలో పాత రైలుకట్ట స్థలంలో వెడల్పాటి రోడ్డు వచ్చింది. జనం నేటికీ దాన్ని బీఆర్‌టీఎస్ రోడ్డు అనే పిలుస్తారు. పేరులో బస్సు ఉంది గానీ, అనుకున్న రీతిలో బస్సులు అక్కడ నిలదొక్కుకోలేదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని, పునాది వేసి ఆపేస్తే చూసేవారు ఎగతాళి చేస్తారని యేసుప్రభువు చెప్పిన మాట (లూకా 14:28-30) వ్యక్తిగత శిష్యత్వం గురించి. అది తెలిసే అంటున్నాను, నగరపాలక ఇంజినీర్లు కూడా దాన్ని చదవదగును. సగంలో ఆగిన బస్సు దారి వల్ల కారువాడికి కోపం, బస్సువాడికి నిరాశ మిగులుతాయి. తవ్వకంలో నష్టపోయిన వారికి మిగిలేది అప్పు.

ఈ మూడోవారి సంగతే నిదానంగా చూడాలి. బస్సు దారి మంచిదే, పేదవారికి మేలు చేసేదే అని ఒప్పుకున్నంత మాత్రాన, దాన్ని వేసేటప్పుడు మరో పేదవాడు నలిగిపోవడం సరైపోదు. రోడ్డు పని ఆరు నెలలన్నారంటే పెద్ద దుకాణం తట్టుకుంటుంది. దానికి ఇంకో వీధిలో ఇంకో కొట్టు ఉంటుంది, బ్యాంకులో పరపతి ఉంటుంది. ఇడ్లీ బండికి, పంక్చరు షాపుకు, పూలు కట్టి అమ్మే ఆవిడకు, బస్టాపు పక్కన టీకొట్టుకు ఏముంటుంది? బస్టాపు అక్కడి నుంచి లేచిపోయిన రోజే బేరం లేచిపోతుంది. అద్దె ఆగదు. పొద్దున్నే వచ్చే డైలీ ఫైనాన్స్ కుర్రాడూ ఆగడు. మొదటి నెల చిట్టీ పాడుకుంటారు, రెండో నెల చెవులవి కుదువ పెడతారు, మూడో నెల బండే అమ్ముతారు. రోడ్డు పూర్తయి రిబ్బను కత్తిరించేసరికి ఆ మూలన ఇంకెవరో ఉంటారు.

చట్టం ఈ బాధను సగమే చూసింది. 2013లో చేసిన భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రోడ్డు వెడల్పు కోసం స్థలం తీసుకుంటే పరిహారం ఎలా కట్టాలో అందులో ఉంది. 2014లోనే వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వకుండా వారిని అక్కడి నుంచి కదపకూడదు. ఆ చట్టం కింద వేసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఈ సంగతి మన సంఘాల్లో బండి నడుపుకునే ఎంతమందికి తెలుసు? ఇంత ఉన్నా, స్థలం పోకుండా, బండి కదలకుండా, కేవలం ముందు గొయ్యి తవ్వినందుకు ఆరు నెలల బేరం పోయినవారికి మన దగ్గర లెక్క కట్టే అలవాటే లేదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో లీత్ వాక్ మీదుగా న్యూహేవెన్ వరకు ట్రాము దారి పొడిగించి 2023లో తెరిచారు. అక్కడా వ్యాపారులు గోల పెట్టారు. అయితే పనులు జరుగుతున్న కాలంలో దెబ్బతిన్న చిన్న వ్యాపారాలకు అండగా ఒక నిధి పెట్టారు. అందరి బాధా తీరిందని చెప్పను. లెక్కలో ఆ పద్దు ఉందన్నదే ముఖ్యం.

ధర్మశాస్త్రంలో ఆ పద్దు ఎప్పుడో ఉంది. ఒకడు గొయ్యి తవ్వి మూయకుండా వదిలితే, అందులో పొరుగువాడి ఎద్దో గాడిదో పడి చస్తే, గొయ్యి తవ్వినవాడే దాని సొమ్ము యజమానికి చెల్లించాలి (నిర్గమ 21:33,34). ఎందుకు తవ్వావని అక్కడ ఎవరూ అడగరు. నీళ్ల కోసం తవ్వి ఉండవచ్చు, ఊరి మేలుకే తవ్వి ఉండవచ్చు. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన బాకీ పోదు. ఎద్దు అంటే ఆ కాలపు రైతుకు జీవనాధారం. మన టీకొట్టు అతనికి ఆ ఎద్దు బస్టాపే. బారికేడు లేని గొయ్యిలో, దీపం లేని మ్యాన్‌హోల్‌లో రాత్రివేళ మనుషులే పడుతున్న ఊళ్లలో ఈ రెండు వచనాలు పాత నిబంధన కాలానివని దాటిపోలేం. గుడ్డివాని ఎదుట అడ్డం పెట్టకూడదన్న ఆజ్ఞ (లేవీ 19:14) కూడా అంతే. కాలిబాట మీద కంకర పోసి వెళ్లే కాంట్రాక్టరుకు అది అక్షరాలా వర్తిస్తుంది.

నెహెమ్యా గ్రంథం కూడా ఓసారి తెరవండి. మూడో అధ్యాయాన్ని మనం చాలాసార్లు ప్రసంగాల్లో విన్నాం. యెరూషలేము గోడను కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు, వర్తకులు, షల్లూముతోపాటు అతని కుమార్తెలు కూడా కట్టారు. చాలామంది ఎవరి ఇంటి ఎదుట వారు బాగుచేశారు. తెకోవ ఊరి జనం పనిలో దిగారు గానీ వారి పెద్దలు మెడ వంచలేదని కూడా అక్కడే ఉంది. నాలుగో అధ్యాయంలో శిథిలాల చెత్త ఎక్కువై బరువులు మోసేవారు నీరసించిపోయారు. అయిదో అధ్యాయాన్ని మాత్రం గోడ ప్రసంగంలో తరచుగా వదిలేస్తాం. గోడ సగంలో ఉండగా జనంలో పెద్ద మొర పుట్టింది. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువ పెట్టామని, పన్ను కట్టడానికి అప్పు తెచ్చామని, పిల్లలను దాస్యానికి పంపవలసి వచ్చిందని భార్యలతో సహా వచ్చి మొరపెట్టారు. శత్రువు గోడ బయట కాచుకుని ఉన్నాడు, పని తొందర ఉంది. ముందు గోడ పూర్తికానివ్వండి, మీ సంగతి తర్వాత చూద్దాం అని నెహెమ్యా అనవచ్చు. అనలేదు. కోపగించాడు, పెద్దలను, అధికారులను పిలిచి నిలదీశాడు, సభ పెట్టించాడు, పొలాలతోపాటు తీసుకున్న వడ్డీ కూడా తిరిగి ఇప్పించాడు. అధికారిగా తనకు రావలసిన భత్యాన్ని పన్నెండేళ్లు తీసుకోలేదు. అలాగని గోడ ఆలస్యమైందా? 52 దినాల్లో ముగిసింది (6:15).

గోడ కావాలా, మొర వినాలా అన్న బేరం ఆయన పెట్టుకోలేదు. మన ఊళ్లలో రెండు పక్షాలూ ఆ బేరమే పెడుతున్నాయి. పని ఆపేయమని ఒకరు, అభివృద్ధికి అడ్డు రావద్దని మరొకరు. పని ఆపితే బస్సు కోసం నిలబడేవారు నష్టపోతారు, ఎలాగో ఒకలా కానిస్తే బండ్లవారు నష్టపోతారు. ఇద్దరూ మన సంఘస్థులే.

ఇక్కడ సంఘపెద్దలతో ఒక మాట. రోడ్డు విస్తరణ అనగానే మన కమిటీల్లో ముందుగా వచ్చే చర్చ ప్రహరీగోడ గురించి, రెండోది కార్ల పార్కింగ్ గురించి. ప్రహరీ గురించి అడగడం న్యాయమే, ఆస్తి సంఘానిది. కానీ కమిషనరుకు ఇచ్చే అర్జీలో ఆ రెండే ఉంటే తెకోవ పెద్దలకు మనకు తేడా ఏమీ ఉండదు. అదే కాగితంలో ఇంకొన్ని అడగవచ్చు. రెండు వైపులా ఒకేసారి తవ్వకుండా ఒక పక్క ముగించి రెండో పక్కకు వెళ్లాలి. ఏ ముక్క ఏ తేదీకి పూర్తవుతుందో బోర్డు మీద తెలుగులో రాయాలి. ప్రతి దుకాణానికి, ప్రతి గుమ్మానికి కాలు పెట్టేందుకు గట్టి చెక్క వంతెన వేయాలి. గొయ్యి చుట్టూ రిబ్బను కాకుండా బారికేడు, రాత్రికి దీపం ఉండాలి. బస్టాపు మారిస్తే ఎక్కడికి మార్చారో ముందే చెప్పాలి, బండ్లవారికి ఆ కొత్త స్టాపు దగ్గరే చోటివ్వాలి. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే కోరికలు కావు. వార్డు కార్యాలయానికి ఈ అర్జీ తీసుకెళ్లేటప్పుడు కాపరితోపాటు ఆ టీకొట్టు అతన్ని కూడా తీసుకువెళ్లాలి. అతను క్రైస్తవుడు కాకపోయినా సరే.

సైకిలు దారి పూర్తయిన తర్వాత ఆదివారం ఆరాధన వేళ దానిమీద వరుసగా నిలబడేవి మన కార్లు, మన మోటారు సైకిళ్లు కాకుండా చూసుకోవడం కూడా సంఘం పనే. అది ఇప్పుడే ప్రకటనల్లో చెప్పడం మొదలుపెట్టవచ్చు.

ఇక పని సాగుతున్నంత కాలం, మన మందిరాల ఆవరణలు సోమవారం నుంచి శనివారం దాకా చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. గేటు లోపల వేపచెట్టు కింద నాలుగు బండ్లు పెట్టుకునే చోటుంటుంది, కుళాయి ఉంటుంది. తాళం చెవి సంఘ కార్యదర్శి దగ్గర ఉంటుంది.