డేటింగ్ ఆప్‌లు, ఇంట్లో దాపరికం



డేటింగ్ ఆప్‌ల మాట వస్తే మన తెలుగువాళ్ల చర్చ పిల్లలు చెడిపోతున్నారన్న దగ్గరే ఆగిపోతుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2022లో చేసిన సర్వే ప్రకారం అమెరికాలో ముప్పై నిండని వయోజనుల్లో 53 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు వీటిని వాడినవాళ్లే. శాన్ రామన్‌లోని మన ఇళ్లు ఈ లెక్కకు బయట ఉన్నాయనుకోవడానికి నాకు ఆధారమేదీ కనిపించదు. కాబట్టి వాడాలా వద్దా అన్న వాదన పక్కన పెడదాం. వాడేవాళ్లకు దెబ్బ తగిలితే చెప్పుకునే చోటు ఇంట్లో లేదు, అందుకే చిన్న దెబ్బలూ పెద్దవవుతున్నాయన్నది నా అభిప్రాయం.

మోసాలనే తీసుకోండి. ప్రేమ పేరుతో జరిగిన మోసాల మీద 2022లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు దాదాపు 70,000 మంది ఫిర్యాదు చేశారు. పోయిన సొమ్ము 130 కోట్ల డాలర్లు. సిగ్గుపడి నోరు మెదపనివాళ్లు ఈ లెక్కలో లేరు. పరిచయం కాగానే మాటలను వాట్సాప్‌కు మళ్లించడం, నమ్మకం కుదిరాక క్రిప్టో పెట్టుబడి ఊసెత్తడం ఈ మోసగాళ్ల పద్ధతి. మధ్యలో అక్కతోనో స్నేహితుడితోనో ఒక్క మాటంటే తెగిపోయే వల అది. ఇంట్లో తెలియకూడదనుకునే మనిషైతే వాళ్ల పని సగం తేలికవుతుంది. ఆరోగ్యం సంగతీ అంతే. లైంగికంగా సోకే సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బు, కానీ ముందు పరీక్ష చేయించుకోవాలి. 26 ఏళ్లు నిండేదాకా చాలామంది అమ్మానాన్నల ఇన్సూరెన్స్ మీదే ఉంటారు, పరీక్ష తాలూకు కాగితం ఇంటికొస్తుందేమోనని వెనకాడతారు. ఇలాంటి పరీక్షల వివరాలు గోప్యంగా ఉంచాలని కాలిఫోర్నియా చట్టం చెబుతోంది. ఆ సంగతి పిల్లలకు చెప్పేవాళ్లేరీ?

ఆప్‌లే దిగులు తెస్తున్నాయని కొందరంటారు. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు 437 మందిని ప్రశ్నించి, వాడేవాళ్లలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువని గమనించిన మాట నిజమే. అయితే ఒక్కసారి అడిగిన ప్రశ్నలతో ఆప్ వల్ల దిగులా, దిగులు వల్ల ఆప్ వాడకమా అన్నది తేలదు. రెంటిలో ఏదైనా, పలకరించే మనిషి అవసరమే. మాట్లాడితే ప్రోత్సహించినట్టేనన్న అభ్యంతరం ఇంకా బలమైనది, పెద్దల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఫొటో, జీతం చూసి సంబంధాలు ఏరడం మాట్రిమొనీ సైట్లతో మనకూ అలవాటైందే. అక్కడ ఏ బాబాయో నాలుగు చోట్ల వాకబు చేస్తాడు. ఆప్‌లో పరిచయమైన మనిషి విషయంలో ఆ వాకబు చేసేవాళ్లు లేరు. అమ్మాయైనా అబ్బాయైనా బయల్దేరేటప్పుడు ఎక్కడ కలుస్తున్నారు, ఎన్నింటికి వస్తారు, తిరిగి రావడానికి కారుందా అని అడగండి. ఆ మనిషెవరన్నది, చెప్పాలనిపించిన రోజున వాళ్లే చెబుతారు.

— ఒక పాఠకురాలు,
శాన్ రామన్, కాలిఫోర్నియా