ఉక్కుగోళీ ఆట: యంత్రాన్ని విప్పే చేతులు

యంత్రం పాడవడం దాని లోపమని, పాడవకపోవడం దాని ఘనత అని మనలో చాలామంది నమ్మకం. పిన్‌బాల్ ఆటను ప్రేమించేవారిలో ఎక్కువమంది ఈ మాటను పూర్తిగా ఒప్పుకోరు. వారి దృష్టిలో ఆడటం సగం ఆట, యంత్రాన్ని ఆడేస్థితిలో ఉంచుకోవడం మిగతా సగం. ఈ రెండో సగాన్ని ఆటగాడి చేతిలోంచి తీసేసుకుంటే మొదటి సగం కూడా ఎంతోకాలం నిలవదని నా అభిప్రాయం. బ్లాగ్మిత్రులకు ఇది దూరదేశపు విలాసం గురించిన గొడవగా తోచవచ్చు. చివరిదాకా చదివితే మదనపల్లె మగ్గానికీ దీనికీ ఉన్న చుట్టరికం కనబడుతుందని ఆశ.

ముందుగా, ఈ ఆటను చూడనివారి కోసం నాలుగు మాటలు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర అంగళ్ళలో పిల్లల కోసం ఒక చెక్కబల్ల అమ్మేవారు. బల్ల నిండా మేకులు, అక్కడక్కడా అంకెలు వేసిన గుంటలు, కుడిపక్కన స్ప్రింగు తగిలించిన పుల్ల. పుల్ల లాగి వదిలితే గోళీ పైకి దూసుకుపోయి, మేకుల మధ్య తడబడుతూ దిగివచ్చి ఏదో ఒక గుంటలో పడుతుంది. పిన్‌బాల్ యంత్రం ఆ బల్లకు మునిమనుమడు. బిలియర్డ్సు నుంచి పుట్టిన బాగటెల్ అనే ఆటకు 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ స్ప్రింగు పుల్లతో కూడిన నమూనాకు అమెరికాలో పేటెంటు పొందాడు. 1931లో గాట్లీబ్ సంస్థ ‘బాఫిల్ బాల్’ను పదిహేడున్నర డాలర్లకు అమ్మి దీన్ని అంగడి వ్యాపారంగా మార్చింది. అదే సంస్థ 1947లో ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రానికి ఫ్లిప్పర్లు అమర్చింది. ఫ్లిప్పర్‌ను నేను తెడ్డు అంటాను. మీట నొక్కితే తెడ్డు ఎగిరి గోళీని తిరిగి పైకి కొడుతుంది. అంతవరకు అదృష్టం మీద నడిచిన ఆట అప్పటినుంచి చేతివాటం మీద నడవసాగింది.

ఈ తేడాను న్యాయం గుర్తించడానికి చాలా కాలం పట్టింది. న్యూయార్క్ నగరం 1942లో పిన్‌బాల్‌ను జూదమని నిషేధించింది; మేయర్ లాగార్డియా స్వయంగా సమ్మెట పట్టి యంత్రాలను పగలగొట్టాడు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర మండలి సభ్యుల ముందు ఆడి, గోళీని ఎటు పంపబోతున్నదీ ముందే చెప్పి పంపి చూపాక గాని ఆ నిషేధం తొలగలేదు. నైపుణ్యం ఉన్నది కనుకనే అది ఆట అయింది. ఆ నైపుణ్యమైనా యంత్రం సరిగ్గా ఉంటేనే పనిచేస్తుంది. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

గోళీ ఉక్కుది, సుమారు 80 గ్రాముల బరువు, అంగుళం కన్నా రవ్వంత ఎక్కువ వ్యాసం. ఆటబల్ల ఆరున్నర డిగ్రీల వాలున ఉంటుంది. వాలు అర డిగ్రీ తగ్గితే ఆట బద్ధకిస్తుంది, అర డిగ్రీ పెరిగితే నిర్దయగా మారుతుంది. అందుకే యంత్రాన్ని ఎక్కడ నిలిపినా అభిమాని చేసే మొదటి పని రసమట్టం పెట్టి నాలుగు కాళ్ళనూ సరిచూడటం. మేస్త్రీ గోడ కట్టేముందు చూపే శ్రద్ధే ఇది. మన క్యారమ్ ఆటగాళ్ళకూ ఇది కొత్త కాదు. బోర్డు ఒకవైపు ఒరిగినా, వానాకాలపు చెమ్మకు ఉబ్బినా, బోరిక్ పొడి మితం తప్పినా స్ట్రైకర్ మాట వినదు. పిన్‌బాల్‌లో ఆ సమస్యకు కరెంటు, వేగం, వేల కొద్దీ దెబ్బలు తోడవుతాయి.

ఇక పోషణ. బల్ల మీద కార్లకు రాసే కార్నోబా మైనం పూయాలి. ఇది మెరుపు కోసం కాదు, గోళీ రాపిడిని తగ్గించడానికి. ఆడేకొద్దీ గోళీ మీద గుంటలూ గీతలూ పడతాయి. అలాంటి గోళీ గరుకుకాగితంలా బల్ల మీది బొమ్మను గీకేస్తుంది. బల్ల మార్చడం వేల రూపాయలతో తీరే పని కాదు. గోళీ చవక. కనుక గోళీలు మార్చడంలో పిసినారితనం పనికిరాదన్నది ఈ లోకపు మొదటి సూత్రం. రబ్బరు కట్లు ఎండి పగిలి, నల్లటి పొడి రాలుస్తాయి. వాటికి బదులు సిలికాను కట్లు వేసేవారు కొందరు. గోళీ తిరుగుదెబ్బలో పాత జీవం ఉండదని రబ్బరునే పట్టుకున్నవారు మరికొందరు. తెడ్డు కింద తీగచుట్ట, దాని నడుమ నైలాను గొట్టం, గొట్టంలో ఇనుపకడ్డీ ఉంటాయి. కడ్డీ కొన అరిగి విచ్చుకుంటే తెడ్డు నీరసిస్తుంది. అప్పుడు కడ్డీ, గొట్టం, లంకె అన్నీ కలిపి మార్చాలి. శబ్దం చేసే ప్రతి యంత్రానికీ నూనెచుక్క వేయడం మనకు అలవాటు. ఇక్కడ అది చెరుపు చేస్తుంది. తెడ్డు గొట్టంలో నూనె పోస్తే దుమ్ము పట్టి జిగురై అది పూర్తిగా బిగుసుకుంటుంది.

ఇవన్నీ సొంతదారులు ఎవరికి వారు నేర్చుకున్న విద్యలే. అమెరికాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇలాంటివారిని కొందరిని చూశాను. సాయంత్రం కలుస్తారు, గంట ఆడతారు, రెండు గంటలు బల్ల పైకెత్తి దాని కింద దీపం పట్టుకుని మాట్లాడుకుంటారు. మనవాళ్ళు వీణ వాయించే ముందు శ్రుతి సరిచేసుకుంటున్నట్టుంటుంది.

ఇప్పటి యంత్రాల మీద వీరిలో వాదం చెలరేగేది సరిగ్గా ఇక్కడే. ఉదాహరణకు స్టెర్న్ సంస్థ 2021లో విడుదల చేసిన ‘గాడ్జిల్లా’ను తీసుకోండి. రూపకర్త కీత్ ఎల్విన్. ఆటగా దానికి పేరు పెట్టేవారు అరుదు. అభిమానుల జాబితాల్లో అది చాలాకాలం అగ్రస్థానంలో నిలిచింది. ఖరీదైన నమూనాల్లో అంతస్తులు కూలే భవనం, విరిగిపడే వంతెన ఉన్నాయి. చవక నమూనాలో అవి కదలవు. చవక అన్నానే గాని అదీ వేల డాలర్ల మాటే. ఒక పక్షం ఏమంటుందంటే: కదిలే వంతెన లేని పిన్‌బాల్ కన్నా తెర మీద ఆడే వీడియో ఆట నయం, డబ్బు పెట్టేది ఆ కదలిక కోసమే. రెండో పక్షం అంటుంది: కదిలేది ఏదైనా ఒకనాటికి ఆగుతుంది, మూడేళ్ళ తర్వాత ఆగిన వంతెనను చూసి ఏడవడం కన్నా మొదటినుంచీ కదలని వంతెనతో సుఖపడటం మేలు. ఈ రెండో మాటలో పెళ్ళి సంబంధాలు చూసే పెద్దల వివేకం వినిపిస్తుంది. నేను మాత్రం మొదటి పక్షం. అయితే ఒక షరతు ఉంది, దాన్ని కాసేపటికి చెబుతాను.

రెండో వాదం బల్ల మీది నొక్కుల గురించి. బల్ల మేపుల్ పొరలతో చేసిన ప్లైవుడ్డు, పైన పారదర్శకమైన గట్టి పూత. గోళీ ఎగిరి పడ్డ ప్రతిచోటా చిన్న నొక్కు పడుతుంది. కర్ర మీద ఉక్కు పడితే నొక్కు పడక మానదని, వేల ఆటల తర్వాత నొక్కులన్నీ కలిసి సమమై కనబడకుండా పోతాయని తయారీదారుల వాదన. ఇంత సొమ్ము పోసి కొన్న బల్ల నెలకే తట్టు పోసినట్టు కనబడితే ఎలా అని కొన్నవారి ప్రశ్న. నొక్కుల విషయంలో నేను తయారీదారుల వైపే: అది వాడకపు గుర్తు, నానమ్మ రోలు అరిగిన తీరు. కొమ్ముల మొదళ్ళలో పూత చిట్లి పెచ్చులూడటం మాత్రం వాడకపు గుర్తు కాదు, చేతగాని పనితనం. కొన్ని కొత్త యంత్రాల్లో అదీ కనబడింది. యజమానులు కొమ్ముల కింద పల్చని వాషర్లు పెట్టి తంటాలు పడ్డారు. వాషరు ఎంత ఉండాలి, ఎక్కడ పెట్టాలి అన్నది కూడా కొన్నవారే ఒకరికొకరు నేర్పుకున్నారు.

మూడో వాదమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1992లో వచ్చిన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ ఇరవై వేలకు పైగా అమ్ముడైంది. అంత అమ్మకం ఆ తర్వాత ఏ పిన్‌బాల్‌కూ దక్కలేదంటారు. ఆ కాలపు యంత్రాల్లో తీగలు లావుగా, భాగాలు పెద్దగా ఉంటాయి. సాల్డరింగు పుల్ల పట్టడం వచ్చినవాడు ఏ భాగం పోయిందో కనిపెట్టి మార్చగలడు. ఇప్పటివాటిలో బల్ల కింద చిన్నచిన్న ఎలక్ట్రానిక్ పలకలు. వాటి మీది భాగాలు ఆవగింజలంత. పలక పోతే పలక మొత్తం మార్చడమే సామాన్యుడికి గతి. ఆ పలక తయారీదారు అమ్ముతున్నంత కాలమే యంత్రానికి ఆయుష్షు.

పాతదంతా బంగారమని నా భావం కాదు. ఆ తొంభైల యంత్రాల్లో జ్ఞాపకశక్తి కోసం మూడు పెన్సిల్ బ్యాటరీలను ప్రధాన పలక మీదే అమర్చారు. యజమాని మరచిపోతే అవి కారి పలకనే తినేశాయి. పాత బల్బుల వేడికి బొమ్మల రంగులు వెలిశాయి, కనెక్టర్లు మాడాయి. నేటి ఎల్‌ఈడీలకు ఆ బాధ లేదు. కొత్త యంత్రం తనలో ఏ స్విచ్చి పనిచేయడం లేదో తానే తెర మీద చెబుతుంది. ఆట నియమాల్లోని తప్పులను సాఫ్ట్‌వేరుతో తర్వాత సరిదిద్దుతారు. అదే సౌకర్యం వల్ల సగం వండిన ఆటను వడ్డించి, మిగతాది తర్వాత పంపుతామనే అలవాటు కూడా వచ్చింది. 2021 నుంచి స్టెర్న్ యంత్రాలు అంతర్జాలానికి ముడిపడి, ఆటగాడి ఖాతాలో అతని విజయాలను రాసిపెడుతున్నాయి. ఇది సరదాగానే ఉంటుంది. ఎక్కడో ఉన్న సర్వరు ఆగిపోయిన నాడు ఆ లెక్కలన్నీ ఏమవుతాయన్నది మాత్రం అడగవలసిన ప్రశ్నే.

నా షరతు ఇదీ: యంత్రంలో ఎన్ని కదలికలైనా పెట్టండి, వంతెన కూల్చండి, భవనం పడగొట్టండి, కాని విప్పడానికి తాళంచెవి, చదవడానికి తీగల పటం, మార్చడానికి విడిభాగం కొన్నవాడికి దొరకాలి. ఈ మూడూ ఉంటే యంత్రం సంక్లిష్టత ఒక ఆనందం. ఈ మూడూ లేకపోతే అది అద్దెకు తెచ్చుకున్న బొమ్మ.

మదనపల్లె మాట ఇప్పుడు. నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేసే వీధుల గుండా నడిస్తే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. మగ్గం కూడా పడుగు బిగువు మీద, నాడె పరుగు మీద ఆధారపడ్డ యంత్రమే. జకార్డు అట్టలలో రంధ్రాల వరుస ఒక రకంగా సాఫ్ట్‌వేరే. నేతగాడు చప్పుడులో తేడా విని ఎక్కడ తప్పిందో చెబుతాడు. పోగు తెగితే తానే అతుకుతాడు. నేయడం వేరు, మగ్గాన్ని సరిచేయడం వేరు అనే విభజన అతనికి లేదు. పిన్‌బాల్ అభిమాని తెడ్డు చప్పుడు విని కడ్డీ అరిగిందని చెప్పడం ఇదే విద్య.

దీనికి ఎదురు ఉదాహరణ మన రైలు స్టేషన్లలో ఉండేది. కుప్పం మీదుగా బెంగళూరు వెళ్ళే దారిలో ప్రయాణించిన పాతవారికి గుర్తుండాలి: రంగురంగుల దీపాలతో, తిరిగే చక్రంతో నిలబడ్డ తూకపు యంత్రం. నాణెం వేస్తే అట్టముక్క మీద బరువూ, దాంతోపాటు జోస్యమూ వచ్చేవి. మన పల్లెపిల్లలు ఎరిగిన ‘పిన్‌బాల్’ అదే. దేశంలో చాలా స్టేషన్లలో అవి ఇప్పుడు కనబడవు. వాటిని ఇష్టపడ్డవారు లక్షలమంది. వాటి లోపలిని ఎరిగినవారు బహుకొద్దిమంది. ఇష్టం ఒక్కటే యంత్రాన్ని బతికించదు. లోపలి పరిచయం కూడా కావాలి.

పిన్‌బాల్‌కు సరిగ్గా ఇదే తప్పింది. 1999లో విలియమ్స్ సంస్థ పిన్‌బాల్ తయారీ మానేసినప్పుడు ఆ ఆట పని అయిపోయిందనుకున్నారు. మిగిలిన స్టెర్న్ ఒక్కటే చాలాకాలం దీపం ఆరకుండా చూసింది. కాని అంతకన్నా ఎక్కువగా ఇళ్ళలో, నేలమాళిగల్లో పాత యంత్రాలను విప్పి బిగించుకుంటూ వచ్చిన సామాన్యులే ఆ ఆటను కాపాడారు. వారు లేకపోతే కొత్త యంత్రాలు కొనేవారే ఉండరు. ఇప్పుడు విప్పడానికి వీలులేని యంత్రాలు చేయడమంటే తయారీదారు తన కొమ్మను తానే నరుక్కోవడం.

మనదేశంలో కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద 2022లో సంఘాన్ని వేసింది, అదే ఏడాది చివర ఒక పోర్టల్‌నూ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి సామగ్రి, వాహనాలు దాని లక్ష్యాలు. ఆటవస్తువుల ప్రసక్తి లేదు. అందుకు నాకు విచారం లేదు. టమాటా రైతు స్ప్రేయరు ముందు, బొమ్మలు తర్వాత. కాని పిల్లవాడు యంత్రాన్ని విప్పడం మొదట నేర్చుకునేది బొమ్మతోనే. విప్పితే వారంటీ పోతుందని బెదిరించే బొమ్మల మధ్య పెరిగినవాడు రేపు స్ప్రేయరును విప్పడానికీ జంకుతాడు.

చివరగా మనలాంటివారు చేయగల పని ఒకటుంది. మరమ్మతు విద్య మన భాషలో నోటి మాటగానే మిగిలిపోయింది. మేస్త్రీ రసమట్టం, నేతగాడి నాడె, వడ్రంగి చిత్రిక వంటి చక్కని పదాలు ఉండగా, ఒక కొత్త యంత్రాన్ని ఎలా విప్పాలో తెలుగులో రాసిన కాగితం దొరకడం కష్టం. మీ ఇంట్లో ఉన్న ఏదో ఒక యంత్రం గురించి, అది కుట్టుమిషను కానివ్వండి, గ్రైండరు కానివ్వండి, విప్పి బిగించిన అనుభవాన్ని ఒక టపాగా రాయండి. ఫ్లిప్పర్‌కు తెడ్డు అన్న నా మాట నచ్చకపోతే ఇంకా మంచి మాట చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.