బెజవాడ: కాలువల పట్టణమున బస

ఇటలీ దేశమందలి వెనిసు నగరమును గూర్చి మనలో పెక్కురు చదివియుందురు. సముద్రపుటంచున నూటికి పైబడిన చిన్న దీవులమీద వెలసిన యూరది. అచట బండ్లకు మారుగా పడవలు. దీవినుండి దీవికి దాటుటకు నాలుగు వందలకు మించిన వంతెనలు. ఆ యూరికి బోవువారు మొట్టమొదట విచారించునది బస యెచట ననియే. మోటారుబండి పోజాలని చోట, పెట్టె చేతబట్టి యెన్ని వంతెన లెక్కి దిగవలెనో దానినిబట్టియే యాత్రికుల సుఖదుఃఖము లుండును. అంతదూరము పోవు నవకాశము మనలో నే కొందరికో గాని కలుగదు. కాని మూడు కాలువలు నడియూర పారు పట్టణ మొకటి మన తెలుగునాటనే కలదు. అదియే విజయవాడ, పెద్దల నోట నేటికిని బెజవాడ.

మా జి.మాడుగుల ప్రాంతపు స్త్రీలు కనకదుర్గమ్మ దర్శనమునకై బెజవాడ పోవుచుందురు. పాడేరు మీదుగా ఘాటు దిగి, చోడవరము దాటి, అనకాపల్లిలో రైలెక్కినచో రాజమహేంద్రవరము, ఏలూరు మీదుగా అచటికి చేరవచ్చును. పోవువారు మమ్మడుగునవి రెండు ప్రశ్నలు: ఎచట దిగవలెను? ఏమేమి చూడవలెను? మా యభిప్రాయమున రెండవదానికి జవాబు మొదటిదానిలోనే యున్నది.

స్త్రీల ప్రయాణములలో నొక కష్టము కలదు. దానిని పైకి చెప్పుకొనుటకు మనము సిగ్గుపడుదుము. మరుగుదొడ్డి యెచట దొరకునో తెలియక, తెల్లవారి బయలుదేరినది మొదలు రాత్రి బస చేరువరకు మంచినీరు ముట్టనివారు మనలో నెందరో యున్నారు. పిల్లలకును అత్తమామలకును నీళ్లసీసా యందింతురు. తాము మాత్రము గొంతు తడుపుకొనరు. దర్శనపు వరుసలో కండ్లు తిరిగి పడుట, తలనొప్పి, ఇల్లు చేరిన పిమ్మట మూత్రమున మంట - ఇవి దైవలీలలు గావు. దాహము చంపుకొన్నందున కలుగు ఫలములు. కావున బస యనగా రాత్రి పండుకొను తావు మాత్రమే యని తలపరాదు. మధ్యాహ్నము తిరిగివచ్చి, కాళ్లు కడుగుకొని, కడుపార నీరు త్రాగి, ఒక గంట నడుము వాల్చుటకు వీలగు దూరమున నది యుండవలెను.

ఈ లెక్కను జూచినచో ఇంద్రకీలాద్రి క్రింది వన్‌టౌనును, రైల్వే స్టేషనుకు చేరువనున్న గాంధీనగరము, గవర్నరుపేటలును అనుకూలములు. కొండయు, నదియు, కాలువలును, అంగళ్లును వీనికి దగ్గర. దేవస్థానమువారి వసతిగదులు గలవు, సత్రములును గలవు. వీనిని ముందుగా కుదుర్చుకొని పోవుట మేలు. బెంజి సర్కిలు ప్రాంతపు పెద్ద హోటళ్లు సొగసైనవే కాని, అచటనుండి కొండకు వచ్చి పోవుటతోనే దినము చెల్లును. గదికి సొమ్ము చెల్లింపకమున్నే నాలుగు సంగతులు కన్నులార చూడుడు: తలుపు గడియ గట్టిగా నున్నదా? మరుగుదొడ్డి గదిలోపలనే కలదా? నీరు దినమంతయు వచ్చునా? ముసలివారెక్కలేని మెట్లేమైన నున్నవా? చూపుటకు నిరాకరించినచోట దిగకుడు. దీనికి మొగమోట మక్కరలేదు.

వానకాలమున పల్లపు పేటలయందు బస చేయరాదు. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి సింగునగరు మొదలైన పేటలు దినములతరబడి నీట నుండెను. అదే సమయమున ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను. దసరాకు పోదలచినవారు మూలానక్షత్రమునాడు జనసమ్మర్ద మత్యధికమని యెరిగి యుండవలెను. ఆనాడు అమ్మవారు సరస్వతీ యలంకారమున దర్శన మిచ్చును. పసిపిల్లలు, గర్భిణులు గలవారు వేరొక మాసమున పోవుట యుక్తము. వేసవిలో మరమ్మతులకై కాలువలకు నీరు ఆపుట వాడుక గావున, కాలువల సౌందర్యము చూడగోరువారు తొలకరి దాటిన పిమ్మట పోవలెను.

ఇక కాలువల వృత్తాంతము. అడ్డుగా నిలిచిన కొండకు కృష్ణవేణి బెజ్జము చేసికొని సాగినదనియు, అందుచే బెజ్జవాడ యను పేరు కలిగిన దనియు జనశ్రుతి. ఆ కొండపైననే అర్జునుడు తపమాచరించి పాశుపతము పడసెనని స్థలపురాణము. భారవి కావ్యమునకు వస్తువైన కథ యిదియే. పురాణకాలమున నది కొండను దొలిచినదో లేదో గాని, మొన్నటి శతాబ్దములలో మనుష్యులు నదికి దారులు చూపిరి. ఆర్థరు కాటన్ దొరగారి సంకల్పమున, కెప్టెను ఆర్ గారి పర్యవేక్షణమున 1852లో ఆనకట్ట ఆరంభమై 1855లో ముగిసినది. 1952 వరదలో నది తెగిపోగా, దానికి మారుగా 70 తలుపుల ప్రకాశము బ్యారేజి 1957లో పూర్తియైనది. టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేర నది వెలయుచున్నది. అచటనుండియే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ యను మూడును పట్టణమును చీల్చుకొని తూర్పు డెల్టా పొలములకు పోవుచున్నవి. ఏలూరు కాలువ ఏలూరువద్ద గోదావరి కాలువతో గలియును గావున, పూర్వము రెండు నదుల నడుమ పడవలు నడచెడివి. గాలి చాలనప్పుడు మనుష్యులు గట్టుపై నడచుచు త్రాళ్లతో పడవలను లాగెడివారు. పెండ్లివారు, బియ్యపు బస్తాలు, పుట్టింటికి పోవు కూతుండ్రు - అందరికి నదియే మార్గము. రైళ్లును మోటారులును రాగా పడవలు పోయినవి. నీరు మాత్రము పారుచున్నది.

మూడు దినములున్నచో నిట్లు పంచుకొనవచ్చును. మొదటి దినము తెల్లవారుజామున దర్శనము, పగటివేళ విశ్రాంతి, సాయంకాలము గాంధీకొండ. 1968లో గాంధీ స్తూపము ప్రతిష్ఠింపబడిన ఆ కొండపైనుండి పట్టణము కన్నులయెదుట పరచినట్లుండును. రెండవ దినము బ్యారేజిమీదుగా ఆవలి యొడ్డు చేరి ఉండవల్లి గుహలు చూడవలెను. కొండను నాలుగంతస్తులుగా తొలిచినారు. అందు శయనించిన అనంతపద్మనాభస్వామి మూర్తి మిక్కిలి పెద్దది. మూడవ దినము ఉదయము కొండపల్లి. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేయు ఇండ్లు అచట గలవు. సంక్రాంతి బొమ్మలకొలువునకు చేసినవారి చేతినుండియే కొనుటయందు తృప్తి కలదు. సాయంకాలము వాకిట వేచియుండువారెవరును లేకుండ, బీసెంటు రోడ్డు అంగళ్లయందో, బందరు రోడ్డున బాపు మ్యూజియమునందో రెండు గంటలు మీకొరకే ఉంచుకొనుడు. పిల్లలను ఆ రెండు గంటలు వారి తండ్రి చూచుకొనినచో యాత్రాఫలమున కేమియు లోటు రాదు.

పడవలో భవానీ ద్వీపమునకు పోవువా రొక్కమాట మరువరాదు. 2017 నవంబరులో పవిత్ర సంగమమువద్ద అనుమతిలేని పడవ యొకటి తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. పర్యాటకశాఖవారి పడవయే యెక్కవలెను. తేలుడు చొక్కా తొడుగుకొనక, పిల్లలకు తొడుగక పడవ కదలనీయరాదు. కాలువలలో స్నానమునకు దిగరాదు. గట్లు నిటారుగా నుండును, నీటి వడి పైకి కానరాదు. స్నానమున కేర్పరచిన నదీఘట్టములే క్షేమము.

చివర నొకమాట. మా మన్యమున గెడ్డనుండి బిందె నెత్తిన బెట్టుకొని మెట్ట యెక్కిన ఆడబిడ్డకు నీటి వెల తెలియును. ఆమె బెజవాడ కాలువలో చెత్తయు, ప్లాస్టికు సంచులును, పూజానిర్మాల్యమును తేలుట చూచి నిర్ఘాంతపోవును. ఆ నీరే దిగువ పల్లెలలో చెరువులు నిండుటకును, మన పండుగ బియ్యము పండుటకును ఆధారము. అమ్మవారికి సమర్పించిన పూవులను సంచితో సహా కాలువలో వేయుట భక్తి గాదు. తెచ్చిన సంచి యింటికి తీసికొనిపోవుట కష్టము గాదు. మ్రొక్కు తీర్చుకొనబోవు సోదరీమణులు ఆ నీటిని శుభ్రముగా నుంచవలెను. తమ దాహమునుగూడ తీర్చుకొనవలెను.