ఏడు రోజుల పాలు

పొదుగువాపు వచ్చిన గేదెకు చన్నులోకి ట్యూబు మందు ఎక్కించి, సూది వేసి, పశువుల డాక్టరు బకెట్లో చేతులు కడుక్కుంటుంటే రైతు అడిగేది ఒక్కటే: ‘‘సార్, సాయంత్రం పాలు కేంద్రంలో పోయొచ్చా?’’

చట్టంలో దీనికి జవాబుంది. పాడిపశువులకు వాడే మందు మీద, వాడాక ఎన్నాళ్లు పాలు ఆపాలో రాసి తీరాలని 2012లో ఔషధ నిబంధనలను సవరించారు. ఆ గడువు తేలని మందైతే కనీసం 7 రోజులు. పూటకు నాలుగు లీటర్లిచ్చే గేదె అనుకోండి, 56 లీటర్లు పారబోయాలి. అప్పు తెచ్చి గేదెను కొన్నవాడితో ఆ మాట అనడానికి నోరు రాదు. అంటే, వచ్చేసారి అతను డాక్టరును పిలవడు. మందేదో, మోతాదెంతో చూడకుండా సూది పొడిచే మరొకణ్ని పిలుచుకుంటాడు. అందుకే ‘‘రెండు పూటలు ఆపు, చాల్లే’’ అనే డాక్టర్లున్నారు. వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది గానీ ఆ సర్దుబాటు నాకు మింగుడుపడదు. గేదె, రైతు కళ్లెదుట ఉన్నారు. ఆ పాలు తాగే పసివాడు పట్నంలో ఎక్కడో ఉన్నాడు.

పాలలోకి దిగిన మందు కాచితే పోతుందిలే అనుకుంటాం. చాలా యాంటీబయాటిక్‌లు ఇంట్లో కాచినంత మాత్రాన పూర్తిగా పోవు. పాలు తోడుకోకపోతే మనం తోడును తిట్టుకుంటాం, చలిని తిట్టుకుంటాం. మందు కలిసిన పాలలోనూ పెరుగు సరిగ్గా తోడుకోదు. పెనిసిలిన్ పడనివాళ్లకు పాలలో మిగిలిన ఆ కొంచెం మందే దద్దుర్లు తెప్పించవచ్చు. ఇక మందులకు లొంగని సూక్ష్మజీవుల సంగతి సరేసరి. ఆ భయంతోనే 2019లో కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్లకు, చేపలకు వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది.

కాబట్టి డాక్టరు గడువు తగ్గించి చెప్పకూడదు. నోటిమాటతో సరిపెట్టకుండా చీటీ మీద తేదీ వేసివ్వాలి. వీలున్నచోట పాలు పరీక్షించాకే మందు ఎంచుకోవాలి. కానీ నిజం చెప్పే పని డాక్టరుది, నష్టం మొత్తం రైతుది అంటే ఈ ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది? వెన్నశాతం పాయింటు తగ్గితే ధర కోసే డెయిరీలు, మందు పడిందని నిజాయితీగా పాలు ఆపుకున్న రైతుకూ ఒక లెక్క చూపాలి. దొంగ చీటీలు పుట్టుకొస్తాయంటారా? పాల కేంద్రంలో ఆ రైతు రోజూ ఎన్ని పాలు పోస్తాడో పుస్తకంలో ఉండనే ఉంటుంది. డాక్టరు చీటీ చూపిన రైతుకు, ఆ పుస్తకం లెక్కన, ఏడు రోజుల పాలకు కనీసం సగం ధర డెయిరీలు కట్టివ్వాలి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ముందు సహకార డెయిరీలతో ఇది మొదలుపెట్టించాలి.